ఇంజనులోని కంప్యూటరు, ఉస్తాదు చేతి స్క్రూడ్రైవరు

మోటారు సైకిలు కొన్న నెలలోపే దానిని మార్చవలెనను కోరిక నేటి యువకులలో సర్వసాధారణమైపోయినది. కంపెనీవారిచ్చిన సైలెన్సరును విప్పి అటకమీద పడవేసి, వేరొక గొట్టమును బిగించుట, ఎయిర్ ఫిల్టరును మార్చుట, అంతటితో తృప్తిపడక "కంప్యూటరును కూడ మార్పించితిని" అని మిత్రులతో చెప్పుకొనుట మన కళాశాల సైకిలు స్టాండులో ప్రతిదినము వినవచ్చు సంభాషణయే. ఈ విషయమున రెండు అభిప్రాయములు ప్రచారములో ఉన్నవి. ఇంజనులోని కంప్యూటరు మహా తెలివైనది, మనమేమి మార్చినను దానంతట అదే సర్దుకొనునని కొందరు నమ్ముదురు. కంప్యూటరు వచ్చినది కనుక ఇక మానవుని చేతికి అక్కడ పనిలేదు, దానిని తాకరాదని మరికొందరు చెప్పుదురు. ఈ రెండును సగము సత్యములే అనియు, సగము సత్యము ఇంజనులకు గాని, వానిని నమ్ముకొని బ్రతుకువారికి గాని మేలు చేయదనియు నా అభిప్రాయము.

మొదట కంప్యూటరు లేని కాలమును స్మరింతము. కార్బురేటరు ఉన్న దినములలో ఇంజనును సరిచేయుట చెవితో చేయు విద్య. హైదరాబాదు నగరములోని వర్కుషాపులలో ఆ విద్య నేర్పువాడు ఉస్తాదు, నేర్చుకొనువాడు శాగిర్దు. ఉస్తాదు ఇంజనును స్టార్టు చేసి, తల కొంచెము వంచి విని, స్క్రూను పావు చుట్టు త్రిప్పి మరల వినెడివాడు. స్పార్క్ ప్లగ్గును విప్పి దాని రంగును చూచి ఇంజను ఆరోగ్యమును చెప్పెడివాడు. లేత గోధుమవర్ణము ఉన్నచో సరియైన మిశ్రమము. నల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ. తెల్లగా మాడినచో పెట్రోలు తక్కువ, ఇంజను వేడెక్కుచున్నదని అర్థము. ఏ పుస్తకమును చదువని వ్యక్తి నాడి పట్టు వైద్యునివలె యంత్రమును పరీక్షించుట చూచుటకు ముచ్చటగానే ఉండెడిది. అయినను ఆ కాలమును మరీ కీర్తించవలసిన పనిలేదు. తెల్లవారుజామున చల్లని గాలిలో సరిచేసిన కార్బురేటరు మధ్యాహ్నపు ఎండలో సరిగా ఉండదు. పావు చుట్టు ఎక్కువ త్రిప్పిన స్క్రూవలన ఎంత విషవాయువు వీధిలోనికి పోవుచున్నదో ఉస్తాదునకు తెలియదు, తెలిసికొను సాధనమును అతనికి ఎవరును ఇవ్వలేదు.

కంప్యూటరు ఇంజనులోనికి వచ్చినది వేగము కొరకు కాదు. ఈ సంగతిని మన యువకులు మరచుచున్నారు. 1967వ సంవత్సరములో జర్మనీకి చెందిన బాష్ సంస్థవారు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలును చిమ్ము ఏర్పాటును వోక్స్‌వ్యాగన్ కారులో ప్రవేశపెట్టినప్పుడు దాని ముఖ్యోద్దేశము అమెరికాలో, ప్రత్యేకించి కాలిఫోర్నియా రాష్ట్రములో, కఠినమగుచున్న పొగ నిబంధనలను నెరవేర్చుటయే. 1970లో అమెరికా ప్రభుత్వము వాయు శుద్ధి చట్టమును బలపరచినది. 1976లో వోల్వో కారులలో లాంబ్డా సెన్సరు వచ్చినది. 1979లో బాష్ వారి మోట్రానిక్ అను ఏర్పాటు పెట్రోలు చిమ్ముటను, స్పార్కు వేయుటను ఒకే కంప్యూటరు చేతిలో పెట్టి బి.ఎమ్.డబ్ల్యు. కారులోనికి ప్రవేశించినది. చట్టమే ఈ యంత్రమునకు జన్మస్థానము. ఆ జన్మరహస్యమును తెలిసికొననివాడు దాని ప్రవర్తనను అర్థము చేసికొనలేడు.

ఇంతకు ఆ పెట్టెలో, మెకానిక్కుల వాడుకలోని ఈ.సి.ఎం.లో, ఏమున్నది? ప్రధానముగా ఒక పట్టిక ఉన్నది. మన చిన్నతనపు ఎక్కాల పుస్తకమువంటి పట్టికయే. అడ్డముగా ఇంజను వేగము, నిలువుగా ఇంజనుపై పడు భారము వ్రాసియుండును. రెండు గీతలు కలిసిన గడిలో ఎంత పెట్రోలు చిమ్మవలెనో ఆ సంఖ్య ఉండును. పదునారు అడ్డగడులు, పదునారు నిలువుగడులు ఉన్న పట్టికలో 256 సంఖ్యలు. స్పార్కు ఏ క్షణమున వేయవలెనో తెలుపు పట్టిక మరియొకటి. చలిలో ఎంత, ఎండలో ఎంత, కొండమీద ఎంత అని సవరించు చిన్న పట్టికలు ఇంకను అనేకము. నిముషమునకు 6,000 చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 200 మారులు స్పార్కు పడవలెను. ఆ వేగములో ఇరుసు ఒక్క డిగ్రీ తిరుగుటకు పట్టు కాలము సెకనులో ముప్పదియారు వేలవ భాగము. ఏ ఉస్తాదు చెవికిని అంత సూక్ష్మము అందదు.

పట్టిక ఎంత గొప్పదైనను అది కర్మాగారములో ఎప్పుడో వ్రాసినది. ఇంజను మాత్రము దినదినము అరిగిపోవుచుండును. ఇంజెక్టరు రంధ్రములలో మడ్డి పేరుకొనును, ఫిల్టరులో దుమ్ము చేరును, బంకుకొక తీరుగా పెట్రోలు దొరకును. అందుచేత కంప్యూటరునకు ఒక నాలుకను ఇచ్చినారు. అదియే సైలెన్సరు గొట్టములో అమర్చిన లాంబ్డా సెన్సరు. పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండుటకు గాలి 14.7 గ్రాములు కావలెను. పొగలో ఆమ్లజని మిగిలినదా లేదా అని ఈ సెన్సరు రుచి చూచి చెప్పును. మిగిలియున్నచో కంప్యూటరు పెట్రోలును కొంచెము పెంచును, లేనిచో కొంచెము తగ్గించును. సెకనులో కొన్ని మారులు జరుగు ఈ సవరణకు స్వల్పకాలిక ఫ్యూయల్ ట్రిమ్ అని పేరు. ఒకే దిక్కుగా సవరణ ఎడతెగక సాగినచో "ఈ బండికి ఇదియే స్వభావము" అని గ్రహించి జ్ఞాపకములో వ్రాసికొనును. అది దీర్ఘకాలిక ట్రిమ్. బ్యాటరీ తీగ విప్పినచో అనేక వాహనములలో ఈ జ్ఞాపకము చెరిగిపోవును. అప్పుడు బండి ఒకటి రెండు దినములు వేరుగా నడచును. "రీసెట్ చేసినాను, శక్తి వచ్చినది" అని కొందరు సంతోషించునది ఈ మరపును చూచియే.

ఇక్కడ ఒక ఉపమానము చెప్పవలెను. మంచి దర్జీ షేర్వానీ కుట్టునప్పుడు కుట్టుల లోపల కొంత గుడ్డను మడచి ఉంచును. ధరించువాడు రేపు కొంచెము లావెక్కినచో ఆ గుడ్డను విప్పి రెండు అంగుళములు వదులు చేయవచ్చును. అంతేకాని ఆ షేర్వానీ వేరొక మనిషికి సరిపోవలెనని దర్జీ ఆ గుడ్డను ఉంచలేదు. ఫ్యూయల్ ట్రిమ్ లోపలి మడతవంటిది. అనేక వాహనములలో దాని హద్దు ఇరువైపుల సుమారు 25 శాతము. అది ముదిమికి ఉంచిన గుడ్డ, అరుగుదలకు ఉంచిన గుడ్డ. యజమాని కొత్త సోకులకు ఉంచినది కాదు. మనము కొత్త గొట్టమును, కొత్త ఫిల్టరును తగిలించినప్పుడు కంప్యూటరు "నన్ను మెరుగుపరచినారు" అని అనుకొనదు. "నాలో ఏదో చెడినది, దీనిని పాతస్థితికి తేవలెను" అని మాత్రమే తలచును. మెరుగుదలకును రోగమునకును దాని భాషలో భేదము లేదు.

ఉదాహరణకు ఫిల్టరునే తీసికొందము. లోనికి పోవు గాలిని కంప్యూటరు రెండు విధములుగా కొలుచును. కొన్ని ఇంజనులలో గాలి బరువును తిన్నగా కొలుచు సెన్సరు ఉండును. అట్టిదానిలో గాలి హెచ్చినచో సెన్సరే చెప్పును, పెట్రోలు దానికి తగినట్లు హెచ్చును. కాని ఆ సెన్సరు ఒకానొక వ్యాసము గల గొట్టమునకు లెక్కకట్టినది. గొట్టమును వెడల్పు చేసినచో అదే గాలి నెమ్మదిగా పోవును, సెన్సరు తక్కువ చెప్పును, పెట్రోలు తక్కువ పడును. మరికొన్ని ఇంజనులలో గాలి బరువును కొలువరు. గొట్టములోని పీడనమును, ఉష్ణోగ్రతను, వేగమును చూచి, "ఈ ఇంజను ఈ వేగమున ఇంత గాలి పీల్చును" అని పట్టికలో ముందే వ్రాసియున్న అంచనాను నమ్ముదురు. ఇట్టి ఇంజనులో క్యామ్ షాఫ్టును మార్చినచో ఊపిరి పీల్చు తీరే మారిపోవును. పట్టికలోని అంచనా అబద్ధమగును, లాంబ్డా సెన్సరు ఒక్కటే ఆ అబద్ధమును దిద్దుచు కూర్చుండవలెను.

అంతకంటె గమనింపవలసిన సంగతి ఇంకొకటి కలదు. లాంబ్డా సెన్సరు మాట వినుట కంప్యూటరునకు అన్నివేళల నియమము కాదు. నెమ్మదిగా, నిలుకడగా పోవునప్పుడు మాత్రమే అది 14.7 చుట్టు తిరుగుచు సెన్సరు మాట వినును. యాక్సిలరేటరును పూర్తిగా త్రిప్పినప్పుడు ఇంజనును చల్లబరచుటకును, శక్తి కొరకును మిశ్రమమును 12.5 లేక 13 వరకు చిక్కన చేయవలెను. ఆ స్థితిలో సాధారణపు సెన్సరు ఆమ్లజని ఉన్నదో లేదో చెప్పగలదే గాని ఎంత తక్కువ అని చెప్పలేదు. కనుక కంప్యూటరు కన్ను మూసికొని పట్టికను మాత్రమే అనుసరించును. దీని భావమేమి? మన యువకుడు ఏ క్షణమున అధిక శక్తిని కోరి గొట్టము మార్చినాడో, సరిగా ఆ క్షణముననే కంప్యూటరునకు ఆ మార్పు కనబడదు. రైలు గేటువద్ద ఆగి కదలునప్పుడు అంతయు సర్దుకొన్నట్లే ఉండును. బయటి రింగు రోడ్డుపై పూర్తి వేగమున పోవునప్పుడు పెట్రోలు చాలక ఎగ్జాస్టు వాల్వు కాలును. "దానంతట అదే సర్దుకొనును" అను వాదములోని లోపము ఇదియే.

గొట్టమును బిగించు పనితనము సరిగా లేకున్నచో వింత మరియొకటి జరుగును. సెన్సరునకు ముందు ఎక్కడైన అతుకువద్ద సన్నని సందు ఉన్నచో పొగ పీడనము ఎగిసిపడు తీరున బయటి గాలి లోనికి వచ్చును. ఆ గాలిలోని ఆమ్లజనిని చూచి సెన్సరు "పెట్రోలు చాలలేదు" అని చెప్పును. కంప్యూటరు నమ్మి పెట్రోలును పెంచును, మైలేజి పడిపోవును, ప్లగ్గులు నల్లబడును. బజారులో "పవర్ బాక్సు" అని అమ్మబడు చిన్న పెట్టెలలో అనేకము ఇట్టి అసత్యమునే బుద్ధిపూర్వకముగా చెప్పును. సెన్సరునకును కంప్యూటరునకును మధ్య కూర్చుండి సంకేతమును మార్చి పంపును. నెమ్మదిగా పోవునప్పుడు లాంబ్డా సెన్సరు ఆ మోసమును కనిపెట్టి కొంత కాలమునకు దిద్దివేయును. పెట్టె ఒక దిక్కునకు లాగును, కంప్యూటరు ఇంకొక దిక్కునకు లాగును. మధ్య నలిగిపోవునది కొన్నవాని జేబు.

స్పార్కు విషయము కొంత వేరు. పెట్రోలు తనంతట తానే ప్రేలినచో ఇంజనులో టకటకమను నాదము పుట్టును. దానిని నాకింగ్ అందురు. 1980ల ఆరంభములో స్వీడను దేశపు సాబ్ కంపెనీవారు తమ టర్బో కారులలో ఈ నాదమును వినగల సెన్సరును అమర్చి, నాదము వినబడినంతనే టర్బో పీడనమును తగ్గించు ఏర్పాటు చేసినారు. ఉస్తాదు చెవిని ఇనుముతో చేసినట్లే అయినది. ఇట్టి సెన్సరు ఉన్న ఇంజనులో మేలురకపు పెట్రోలు పోసినచో, దానిని వాడుకొనుటకు పట్టికలో చోటున్నచో, కొంత ప్రయోజనము కలుగును. మన దేశములో తిరుగు చిన్న మోటారు సైకిళ్ళలో చాలవానికి ఈ చెవి లేదు. వానిలో లీటరునకు అధికముగా చెల్లించి మేలురకపు పెట్రోలు పోయుట, వినలేనివానికి కచేరీ టిక్కెట్టు కొనియిచ్చుటవంటిది.

టర్బో ఉన్న ఆధునిక కారులలో కంప్యూటరు ఇంకొక మెట్టు ఎక్కినది. పాదముతో నొక్కు పెడలునకును ఇంజను గాలి తలుపునకును మధ్య తీగ లేదు. మనము నొక్కినది ఒక కోరిక మాత్రమే. ఎంత బలమును ఇవ్వవలెనో కంప్యూటరు నిర్ణయించి, దానికి సరిపడునంత మాత్రమే టర్బోను ఒత్తిడి చేయనిచ్చును. వెడల్పైన గొట్టము పెట్టి శ్వాస సులభము చేసినచో, నిర్ణయించిన బలము తక్కువ శ్రమతో వచ్చినదని గ్రహించి మిగిలిన దానిని తగ్గించివేయును. వేలకు వేలు పోసి గొట్టము వేయించినవానికి మిగులునది ధ్వని ఒక్కటే. పట్టికను మార్చనిది అట్టి ఇంజను మారదు.

సర్దుబాటు వలన నిజముగా మేలు జరిగిన సందర్భమును కూడ చెప్పుట న్యాయము. బ్రెజిల్ దేశములో చెరకునుండి తీసిన ఇథనాలును బంకులలో విరివిగా అమ్ముదురు. 2003లో అక్కడ వోక్స్‌వ్యాగన్ వారు గోల్ అను కారును విడుదల చేసినారు. పెట్రోలు గాని, ఇథనాలు గాని, రెండు కలిపినది గాని ఏది పోసినను అది నడచును. ట్యాంకులో ఏమి పోసినారో తెలుపు ప్రత్యేకపు సెన్సరును పెట్టకుండ, లాంబ్డా సెన్సరు చెప్పిన రుచినిబట్టి ఇంధనములో ఎంత ఇథనాలున్నదో లెక్కకట్టు విధానమును అక్కడి ఇంజనీర్లు రూపొందించినారు. ఇది ముదిమికి ఉంచిన మడత కాదు. మొదటినుండియు ఇద్దరికి సరిపోవునట్లు కుట్టిన వస్త్రము. సర్దుబాటును ముందుగా ఊహించి కట్టినచో కంప్యూటరు ఎంతటి మార్పునైనను మ్రింగగలదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

మన దేశములో 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. అప్పుడు చెలరేగిన వాదోపవాదములు పాఠకులకు జ్ఞాపకముండును. ఇథనాలునకు సహజముగానే గాలి తక్కువ చాలును. కనుక ఈ మిశ్రమమునకు 14.7 కాక సుమారు 13.5 గ్రాముల గాలి సరిపోవును. అనగా శుద్ధ పెట్రోలునకు లెక్కకట్టిన ఇంజను అదే గాలికి సుమారు 9 శాతము ఎక్కువ ఇంధనమును చిమ్మవలెను. లాంబ్డా సెన్సరు ఉన్న బండికి ఇది మడతలోపలి పనియే, అది సర్దుకొనును. కార్బురేటరు ఉన్న పాత బండికి జెట్టు రంధ్రము మారదు కనుక మిశ్రమము పలుచనగును. రబ్బరు గొట్టములు, సీళ్ళు తట్టుకొనునా అనునది వేరు ప్రశ్న, దానికి ఏ కంప్యూటరును జవాబు చెప్పలేదు. మైలేజి తగ్గుట మాత్రము ఇథనాలులో శక్తి లీటరునకు మూడవ వంతు తక్కువగుటచేత కలిగినది. దానిని ట్యూనింగు పేరుతో బాగుచేయుదుమని చెప్పువారిని నమ్మరాదు.

ఇక అసలైన ట్యూనింగు అను విద్య ఒకటి కలదు, అది గౌరవింపదగినది. బండిని డైనమోమీటరు రోలర్లపై నిలిపి, మిశ్రమము ఎంత చిక్కనో సంఖ్యతో చెప్పగల వెడల్పు శ్రేణి లాంబ్డా సెన్సరును అమర్చి, 256 గడులలో ఒక్కొక్క గడిని ఒక్కొక్కటిగా సరిచేయుదురు. ఇది ఒక పూటలో అయ్యెడి పని కాదు. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అను ఇద్దరు ఔత్సాహికులు మెగాస్క్వర్ట్ అను ఇంజను కంప్యూటరును రూపొందించి, ఎవరైనను ఇంటివద్ద సోల్డరింగు చేసికొని తయారు చేయుటకు వీలు కల్పించినారు. దానిని కట్టి నడిపించిన విద్యార్థి పాఠ్యపుస్తకములోని దహనక్రియను కంటితో చూచినట్లే. మా వంటి కళాశాలల ప్రయోగశాలలలో అట్టిది ఒక్కటి ఉన్నచో ఎంత బాగుండును! ఉన్నవి ముక్కలుగా కోసి రంగులు వేసిన పాత ఇంజనులు మాత్రమే.

అయితే పట్టికను వ్రాయగల చేతికి అబద్ధమును వ్రాయుట కూడ తెలియును. 2015 సెప్టెంబరు 18వ తేదీన అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టిన వోక్స్‌వ్యాగన్ ఉదంతము ఇందుకు సాక్ష్యము. డీజిలు కారులోని కంప్యూటరు స్టీరింగు కదలకుండుట, వేగము మారు తీరు మొదలగు గురుతులనుబట్టి "ఇది రోడ్డు కాదు, పరీక్షాశాల" అని కనిపెట్టి అప్పుడు మాత్రమే పొగను శుభ్రము చేసెడిది. రోడ్డుపై నత్రజని ఆమ్లజనిదములు హద్దునకు 40 రెట్ల వరకు వెలువడినవి. ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షల వాహనములలో ఆ మోసము దాగియుండినది. రోడ్డుపై కొలిచి తేడాను మొదట పట్టినది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయములోని ఒక చిన్న బృందము. వారిలో మన దేశమునుండి వెళ్ళిన యువ ఇంజనీర్లు కూడ ఉండిరి.

అదే అపరాధమును సామాన్యులు చేసినచో ఏమగునో చెప్పు లెక్క ఇంకొకటి ఉన్నది. అమెరికాలో పదేండ్ల కాలములో 5,50,000కు పైగా డీజిలు పికప్ ట్రక్కులనుండి పొగను శుద్ధిచేయు భాగములను తొలగించి, కంప్యూటరును తదనుగుణముగా మార్చినారని అదే పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసినది. వాని వలన అదనముగా వెలువడిన నత్రజని ఆమ్లజనిదములు 5,70,000 టన్నులకు పైమాట. కంపెనీ చేసినప్పుడు నేరము, మనము చేసినప్పుడు సరదా అగుట ఎట్లో నాకు అర్థము కాదు. సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టరును తీసివేసి, "అడ్డు తొలగినది" అని సంతోషించు మిత్రులకు ఈ మాట రుచింపదని ఎరుగుదును. బడి గేటువద్ద నిలుచున్న పసివాని ఊపిరితిత్తులలోనికి పోవునది ఆ అడ్డు ఆపుచుండిన వాయువే.

మన చట్టము ఈ విషయమున కఠినమైనదే. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారుడు నిర్దేశించినదానికి భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధమును ధ్రువపరచినది. అదే సంవత్సరపు సవరణ చట్టము ప్రతి మార్పునకు అయిదు వేల రూపాయల జరిమానానో, ఆరు నెలల వరకు ఖైదునో, లేక రెండింటినో విధించుటకు వీలు కల్పించినది. పొగకును, ధ్వనికిని సంబంధించి ఈ కఠినత్వమును నేను మనసార సమర్థింతును.

కాని ఒక తలుపును మూయవలసినచోట రెండు తలుపులు మూసినట్లున్నది. 2020 ఏప్రిలు 1న భారత్ స్టేజి ఆరు ప్రమాణములు వచ్చినప్పుడు, అంతవరకు కార్బురేటరుతో సాగిన మోటారు సైకిళ్ళలో అత్యధికము ఒక్కసారిగా కంప్యూటరు బండ్లుగా మారినవి. మధ్యలో అయిదవ మెట్టు లేకుండ నాలుగునుండి ఆరునకు దూకితిమి. వాయువునకు అది మేలే. వీధి మూలనున్న ఉస్తాదునకు మాత్రము అది ఒక రాత్రిలో భాష మారిపోయినట్లయినది. 2007లో పల్సర్ 220 ఇంజెక్షనుతో వచ్చి, 2009లో మరల కార్బురేటరునకు మరలినప్పుడు "చూచితివా, మన స్క్రూయే గెలిచినది" అని నవ్వుకొన్నవారు ఈ మారు నవ్వలేకపోయిరి. ఇప్పుడు రోగమును చెప్పునది ప్లగ్గు రంగు కాదు, స్కానరు తెరపైని ఫ్యూయల్ ట్రిమ్ సంఖ్య. ఆ సంఖ్యలలో కొన్నిటిని కంపెనీవారి సొంత యంత్రములే చదువగలవు. ఫలితముగా, ఒక సెన్సరు వైరు తెగినందుకు నగరము ఆవలి అంచునున్న షోరూమునకు బండిని మోయించుకొని పోవలసివచ్చుచున్నది. ఉస్తాదువద్ద ఉన్న శాగిర్దు పనిలేక భోజనము చేర్చు కంపెనీలో చేరి, తాను బాగుచేయలేని బండినే నడుపుచున్నాడు.

చదువుటకును, వ్రాయుటకును గల భేదమును చట్టము గుర్తింపవలెనని నా వాదన. కంప్యూటరు చెప్పు రోగలక్షణములను చదువు హక్కు ఏ మెకానిక్కునకైనను ఉండవలెను. పొగ పట్టికను తిరుగవ్రాయు హక్కు ఎవరికిని స్వేచ్ఛగా ఉండరాదు. అమెరికాలో 2015లో కాపీరైటు చట్టమునుండి మినహాయింపు ఇచ్చి, యజమాని తన వాహనపు సాఫ్ట్‌వేరును మరమ్మతు కొరకును, చట్టబద్ధమైన మార్పు కొరకును తెరచుటకు అనుమతించినారు. పొగ నిబంధనలను మాత్రము అది సడలింపలేదు. ఈ రెండింటిని వేరుచేయుట సాధ్యమేనని దీనినిబట్టి తేలుచున్నది. పట్టికను మార్పించుకొనదలచినవాడు మార్చిన పిమ్మట పొగ పరీక్షలో నిలిచి చూపవలెనని నియమము పెట్టవచ్చును. ఇప్పటి మన పొగ సర్టిఫికెట్టు పరీక్ష నిలిపియుంచిన బండి గొట్టములో గొట్టము దూర్చి చేయునదే గాని, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పినప్పుడు ఏమి వెలువడునో చూచునది కాదు. పైన వివరించినట్లు మోసము దాగునది అక్కడనే.

ఐ.టి.ఐ.లలోను, పాలిటెక్నిక్కులలోను మోటారు మెకానిక్కు తరగతికి సాయంకాలపు పాఠములు పెట్టి, వయసు మీరిన ఉస్తాదులను కూడ ఆహ్వానించినచో ఎంత ఖర్చగును? ఒక స్కానరు, పొగలోని వాయువులను కొలుచు ఒక పరికరము, ప్రమాదములో తుక్కుగా మారిన బండినుండి తెచ్చిన ఇంజను, దాని ఈ.సి.ఎం., తీగలు, అంతే. పాఠములు ఉర్దూలోను, తెలుగులోను చెప్పవచ్చును. సెన్సరు అను మాటకు ఏ భాషలోనైనను అదే పేరు. మొదటి మూడు నెలలు ఎవరిచేతను పట్టికను తాకింపక, ట్రిమ్ సంఖ్యను చూచి గాలి కారుచున్నదా, ఇంజెక్టరు మూసికొన్నదా, సెన్సరు అబద్ధమాడుచున్నదా అని మాత్రమే చెప్పింపవలెను. అనుభవము గల ఉస్తాదు మొదట ప్లగ్గును విప్పి రంగు చూచి తన నిర్ణయమును కాగితముపై వ్రాయవలెను, పిదప స్కానరును తగిలించి సరిచూచుకొనవలెను. రెండును ఏకీభవింపని దినములే ఆ తరగతిలో అందరికంటె ముందు వచ్చి కూర్చుండదగిన దినములు.